జేబు మీద మట్టిగూడు

తలుపు వెనక మేకుకు వేలాడుతున్న భర్త ఉమాశంకర్ వర్క్‌షాపు చొక్కాను ఉతుకుదామని తీసింది మౌనిక. జేబు మీద కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు ఉంది, మూతి మూసిన బుల్లి కుండలా. గోటితో గీకబోయింది.

"ఆగే పిల్లా, ముట్టకు!" అత్త నీలవేణి వంటింట్లోంచి పిండిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఈ పురుగు గూడెట్టిందంటే ఆ ఇంటి కోడలు నీల్లోసుకుంటాది. ఉమ నా కడుపున పడ్డప్పుడు కూడా ఇలాగే, అద్దం ఎనకాల ఎట్టింది."

మౌనిక గోరు వెనక్కి తీసుకుంది.

"రేపు మలంచా బజారులో డాక్టరు దీదీ దగ్గిరికెల్దుం. మగపిల్లోడు పుడితే మన ఉమ పేరే ఎట్టుకుందుం. ఈ సొక్కా ఇంక ఉతక్కు."

ఉమాశంకర్ చనిపోయిన ఈ మూడు వారాల్లో అత్త నవ్వడం అదే మొదటిసారి.

"అలాగే అత్తా," అంటూ మౌనిక చొక్కాను పదిలంగా మళ్లీ మేకుకే తగిలించింది.

బాత్‌రూములోకి వెళ్లి గడియ వేసుకుంది. కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ నీళ్ల హోరులో, పొద్దున వచ్చిన నెలసరికి మరకైన లంగాను బకెట్లోంచి తీసి ఉతకసాగింది.