గుప్పెడు కొసరు

"తూకంలో మోసం గురించి విన్నాను గానీ, ఈ తూకంలో దానం ఏంటి అండాలమ్మా?"

పట్టాభి అరుపుకు అల్మాస్‌గూడ షెడ్డులో చేగోడీలు చుడుతున్న ఆడవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి.

అండాలమ్మ ప్యాకింగ్ బల్ల దగ్గర లేచి నిలబడింది. "ఏమైంది సార్?"

"మలేషియాకు పంపిన మన మొదటి సరుకు రేవులో ఆపేశారు. కాగితాల్లో ఆరువందల కిలోలు. అక్కడ తూస్తే పద్దెనిమిది కిలోలు ఎక్కువ. ఆసియాన్ దేశాలతో మన ఒప్పందంలో సుంకం రాయితీ ఉందనే కదా నాలాంటి చిన్నవాడు ఇంత సాహసం చేసింది? కాగితానికీ సరుక్కీ పొంతన లేకపోతే ఆ రాయితీ ఇవ్వరట!"

"ఎక్కువ పోతే గూడ తప్పేనా సార్?"

"తప్పే. మన దిల్‌సుఖ్‌నగర్ కొట్లో ఉన్నప్పుడు నువ్వేగా, తూకం అయ్యాక అందరికీ గుప్పెడు కొసరు వేసేదానివి?"

"దుకాణంల ఏసిన సార్. పిలగాండ్లు చెయ్యి చాపితే ఎట్ల ఊకుంట? గని..."

"గనీ లేదు, గినీ లేదు. దేశం దాటే సరుక్కి కొసరు ఉండదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆఖరి రోజు మనిషి తక్కువైతే నేనూ మీతోపాటు కూర్చుని ప్యాకెట్లు కట్టానా లేదా? ఏం, నాకు చేతకాలేదా?"

అండాలమ్మ ఏదో చెప్పబోయింది. అతని వెనక గుమిగూడిన ఆడవాళ్ళను చూసి ఆగిపోయింది.

"తప్పయింది సార్."

"రేపట్నుంచి రాకు."

ఆమె తలకున్న ప్లాస్టిక్ టోపీ తీసి మడిచి బల్ల మీద పెట్టింది. తాను తాగిన టీ గ్లాసు కడిగి బోర్లించింది. గడప దాటబోతూ వెనక్కి తిరిగి, "జ్యోతికా, నూనె పొగలొస్తున్నది. మంట జర తగ్గియ్యి బిడ్డా" అని వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. అయినా పట్టాభి వెనక్కి పిలవలేదు. కౌలాలంపూర్‌లో సరుకు కొన్న బాపిరాజుకు ఫోన్ చేశాడు.

"బాపిరాజు గారూ, కొసరు వేసిన మనిషిని తీసేశానండి. ఒక్క అవకాశం ఇవ్వండి."

"సరేనండి. ఈసారికి ఆ సుంకమేదో నేనే కట్టుకుంటాను. మీ చేగోడీలు వదులుకోలేను. కానీ ఒక్క మాట, ఆ చెయ్యి మళ్ళీ మన సరుకు మీద పడకూడదు."

"పడదు. మాటిస్తున్నాను."

"రేవులో విప్పి చూస్తే బరువెక్కువ ప్యాకెట్లన్నీ ఒకే బల్లవి. చీటీ ఫొటో పంపిస్తున్నా, చూసుకోండి."

ప్రతి ప్యాకెట్‌లో, అది కట్టే బల్ల నంబరు చీటీ ముందే వేసి ఉంచాలన్నది బాపిరాజు పెట్టిన షరతే. ఫొటో వచ్చింది. చీటీ మీద నాలుగు అంకె ఉంది.

"జ్యోతికా, అండాలమ్మది ఎన్నో బల్ల?"

"ఒకటి సార్."

"మరి ఇది నాలుగు కదా!"

జ్యోతిక స్టవ్వు కట్టేసి తల దించుకుంది. "నాలుగో బల్ల మీద తూకమైనంక అలవాటుకొద్ది కొసరు పడుతుంటే అందరం చూసినం సార్. ఎక్కువిస్తే ఎవ్వలు కొట్లాడ్తరు అని ఊకున్నం. ఇందాక నేను చెప్పబోతే, అండాలమ్మనే వద్దని కండ్లతోని సైగ చేసింది."

"ఎందుకు?"

"ఇంతమంది ముందట ఆ మనిషి చిన్నబోవద్దని కావొచ్చు సార్."

"ఎవరిని కాపాడాలని ఆవిడ తన పని పోగొట్టుకుంది? చెప్పమ్మా, ఎవరిదా బల్ల?"

"మనిషి తక్కువైన రోజు మీరు కూసున్న బల్లనే సార్."