సేటు గెలిచిన ఆట

హలో, ఆ... వినబడుతోందా? అందరూ బాగున్నారు కదా? చాయ్ చేతిలో ఉంటే తాగుతూనే వినండి. చిన్న ముచ్చటే.

జల్‌పల్లిలో ఒక కొత్త కాలనీ. దాని మధ్యలో ఖాళీ జాగా. ఆ ఆదివారం పొద్దున జాగా చుట్టూ కాలనీ మొత్తం నిలబడింది. వలకు ఇటు చంద్రమ్మ కూతురు కీర్తిప్రియ. ఒకప్పటి టెన్నిస్ ప్లేయరు. అటు బేగంబజార్ గిన్నెల వ్యాపారి వైకుంఠం సేటు. యాభై దాటిన మనిషి. ముందు పొట్ట వస్తుంది, వెనకాల ఆయన వస్తాడు. రోజూ పార్కులో షటిల్ ఆడతాడు తప్ప, టెన్నిస్ రాకెట్ పట్టుకోవడం అదే మొదలు.

కీర్తిప్రియ ఓడిపోతోంది.

చంద్రమ్మకు కొంగుతో ముఖం కప్పుకోవాలనిపించింది. ఏం ఆట, ఏం బతుకు! ఉప్పుగూడలో ఉన్నప్పుడు రైల్వే గ్రౌండ్‌లో బంతులు ఏరుతూ మొదలుపెట్టిన పిల్ల. చదువు పక్కనపెట్టి దేశాలు తిరిగింది. పేపర్లో ఒక్కసారే ఫొటో వచ్చింది, అదీ మొదటి రౌండులోనే ఓడిపోయిందని. తర్వాత మోకాలు పోయింది. పోయినా ఇంటికి రాలేదు. ఇంకా కొన్నేళ్లు టర్కీ అంటూ, ఈజిప్టు అంటూ తిరిగి, పోయినేడు వచ్చింది. ఒక్క కప్పు తెచ్చిందా? తెచ్చింది మోకాలి పట్టీ.

వచ్చి ఊరుకోలేదు. ఈ జాగాలో కంప కొట్టించి, నేల చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి, కాలనీ ఆడపిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టింది. అక్కడే వచ్చింది లొల్లి. కాలనీ ప్రెసిడెంట్ వైకుంఠానికి అదే జాగాలో షెడ్డు వేయాలని ఉంది. పేరుకు కాలనీ ఫంక్షన్ల కోసం. లోపల పెట్టేది మాత్రం తన గిన్నెల సరుకు. అందరికీ తెలుసు, అడిగే నోరే లేదు.

మీటింగులో సేటు అందరి ముందూ అనేశాడు.

"గీమె ఏం ప్లేయరు భాయ్? దేశదేశాలల్ల ఓడిపోయొచ్చింది. మన పోరగాండ్లకు ఏం నేర్పుతది, ఓడుడా? నేను రాకెట్ పట్టిన్నంటే ఉరికిస్త గీమెను!"

అందరూ నవ్వారు. కీర్తిప్రియకు కోపం రాలేదు.

"అయితే ఆదివారం ఆడుదాం అంకుల్. నేను గెలిస్తే జాగా పిల్లలకు. మీరు గెలిస్తే జాగల ఏం చేస్తరో మీ ఇష్టం."

ఇదుగో, ఆ ఆదివారమే ఇది.

మొదట్లో కీర్తిప్రియే ముందుంది. చంద్రమ్మ ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఏమైందో ఏమో, ఆమె కొట్టిన బంతులు గీతకు బెత్తెడు అవతల పడసాగాయి. సేటు మాత్రం చాకిరేవులో బట్టలు బాదినట్టు బాదుతున్నాడు. ప్రతి దెబ్బకూ ఒక కేక.

"వాహ్ సేట్, క్యా మారా!" అని అరిచాడు సేటు పక్క దుకాణం ప్రేమ్‌రాజ్.

చంద్రమ్మ పక్కన నిలబడ్డ కృష్ణమ్మ మెల్లగా గిల్లింది. "ఏందక్కా, నీ బిడ్డ గన్ని దేశాలు తిరిగింది గిన్నెలమ్మెటాయన చేతుల ఓడుడుకేనా?"

"నోరు ముయ్యి కృష్ణమ్మా. నీ బిడ్డ చార్మినార్ దాటిందా ఎన్నడన్న?"

పైకి అలా అంది కానీ, లోపల చంద్రమ్మ కుతకుత ఉడికిపోతోంది.

ఆఖరి బంతి అందక కీర్తిప్రియ మోకాలు పట్టుకుని వంగింది. సేటు రాకెట్ గాల్లోకి ఎత్తాడు. ప్రేమ్‌రాజ్ దండ కూడా తెప్పించాడు. కీర్తిప్రియ వల దగ్గరికొచ్చి చెయ్యి కలిపింది.

"ఆ చివరి షాట్ యాడ నేర్చుకున్నరు అంకుల్?"

"నేర్సుకునుడు ఏంది బిడ్డా? పుట్టుకతోనే వచ్చింది!"

ఇంటికి వచ్చాక చంద్రమ్మ గిన్నెలు విసిరికొట్టింది. "తూ! పొట్టోన్ని, బొజ్జోన్ని గెలవలేని చేతులు ఎందుకే? ఇగ గా పిల్లలు యాడ ఆడుకోవాలె, నా నెత్తి మీదనా?"

"చాయ్ పెట్టమ్మా" అంది కూతురు.

మర్నాడు పొద్దున టెంపో వచ్చి ఆగింది. నిండా ఇనుప పైపులు. చంద్రమ్మ కొంగు బిగించి పరుగెత్తింది. జాగా మధ్యలో సేటు. తెల్ల నిక్కరు, తెల్ల టోపీ, కొత్త రాకెట్.

"సేటూ, ఆడపిల్లల ఉసురు పోసుకొని షెడ్డేస్తవా?"

"ఎవలన్నరమ్మా షెడ్డని? షెడ్డు గిడ్డు కాన్సల్! చుట్టూ కంచె ఏపిస్తున్న, లైట్లు గూడ పెట్టిస్త. ఇంటర్నేషనల్ ప్లేయర్‌ను నేను ఓడగొట్టిన గ్రౌండ్ గిది! గిండ్ల గిన్నెలు పెడుతరా ఎవలన్న? జాగా ఆటకే అని కమిటీల తీర్మానం గూడ అయిపోయింది. పొద్దున నేను ఆడుత. సాయంత్రం నీ బిడ్డను పిల్లలకు నేర్పుకోనీ. ఫికర్ జెయ్యకు!"

చంద్రమ్మ ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. కూతురు బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఓడిపోయినా జాగా మిగిలింది. నసీబ్ ఉన్నదే నీకు, ఆట లేకపోయినా" అంది. "గని నాకొక్కటి చెప్పు. మోకాలు పోయినంక, ఎవలి మీద గెలిచినవని నిన్ను గన్నేండ్లు దేశాలు తిప్పిండ్రు?"

కీర్తిప్రియ తల ఎత్తింది.

"మ్యాచ్‌కు ముందురోజు పెద్ద ప్లేయర్లకు ధైర్యం రావాలని, వాళ్లకు రవ్వంత అనుమానం రాకుండ ఓడిపోయెటందుకే వాళ్ల కోచ్‌లు నన్ను జీతమిచ్చి పెట్టుకున్నరమ్మా."

ఉంటాను మరి. ఈ ముచ్చట మీ గ్రూపులన్నింటిలో పెట్టండి. వైకుంఠం సేటు ఉన్న గ్రూపులో మాత్రం వద్దు.