గోడలు వినే ఇల్లు

"ఇంకో వారం ఓపిక పట్టవే. ఆవిడకి జవాబిచ్చావంటే అంతా పోద్ది," అని అప్పటికి మూడోసారి భార్యతో అన్నాడు అప్పలనాయుడు.

"ఆవిడేమన్నా ఇల్లడిగిందా? మల్లె కొమ్మే కదా అడిగింది," అంది సత్యవేణి, పప్పుకి తాలింపు పెడుతూ.

విశాఖలో సముద్రం ముందుకొచ్చాక జనం వదిలేసి వెళ్లిన ఇళ్లకు కొత్త చట్టం వచ్చింది. యజమాని అనుమతి లేకుండా పన్నెండేళ్లు కాపురమున్నవాళ్లదే ఇల్లు. అందుకు గోడలే సాక్ష్యం. అవి ప్రతి మాటా వింటాయి. ఇల్లు మరొకరిదని ఒక్కసారి ఒప్పుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆ ఇంట్లో పిల్లలకు మాటలొచ్చీ రాగానే "మనిల్లు" అనడం నేర్పారు. వాళ్లకి పన్నెండేళ్లు నిండడానికి ఇంకో వారమే ఉంది.

పొద్దున యజమానురాలి కబురు తలుపు మీద కనిపించింది. వాళ్లమ్మ నాటిన మల్లె బతికుంటే ఒక కొమ్మ తీసుకెళ్తానంది.

"నీళ్లు పోసింది నా కోడలు. ఆ మాట కూడా చెప్పమనండి గోడల్ని," అంది అత్తగారు.

సత్యవేణి కంచాలు సర్దింది. తమ పాత ఇల్లు మునిగినప్పుడు, ఆ చోటు ఒక్కసారి చూసొస్తానని వెళితే గట్టు మీది కాపలావాళ్లు తనను వెనక్కి తిప్పి పంపడం గుర్తొచ్చింది.

అందరికీ వడ్డించి, తనూ కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది.

"ఆవిడని రేపు భోజనానికి రమ్మన్నాను. మీ ఇంటికి మీరు రావడానికి అడగాలా అన్నాను. మనల్ని ఇక్కడ ఉండనిస్తారా అని నేనే అడుగుతాను."