ఎస్తేర్ తల్లి

“మనోళ్లేనా బిడ్డా? ఏ ఊరు మీది?”

సింగపూర్ బస్‌స్టాప్‌లో తెలుగు వినబడేసరికి తార ఉలిక్కిపడింది.

ఎదురుగా నేతచీర కట్టుకున్న పెద్దామె. ఆమె వేలు పట్టుకుని ఎవరిదో పసిబాబు. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయా అని చూడగానే తెలుస్తోంది.

“సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్,” అంది తార.

ఎల్లారెడ్డిలో పుట్టి, కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్న పిల్లకు తెలుగు రాదట!

కారణం లేకపోలేదు. రెండు నెలల వేసవి కోర్సుకు కాలేజీ మొత్తంలో ఆమెకొక్కదానికే సీటొచ్చింది. చివర్లో ప్రొఫెసర్ల ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడి నెగ్గితే, పైచదువు కూడా అక్కడే ఉచితం. “ఆడ మనోళ్లతోటి తెలుగుల మాట్లాడినవంటే ఇంగ్లిష్ రాక పోయినదానివి పోయినట్టే వస్తవు,” అని సీనియర్లు నూరిపోసి పంపారు.

ఆయా నొచ్చుకోలేదు. “పోనీ తియ్యి,” అని నవ్వి, బాబు ముక్కు తుడిచింది.

అంతలో తార ఫోను మోగింది. స్టాప్ వెనక్కి వెళ్లి, గొంతు తగ్గించి, “అమ్మా, గీ తిండి నోట్ల పెట్టబుద్ధి అయితలేదే,” అని ఏడ్చింది. తిరిగొచ్చేసరికి ఆయా బస్సు వచ్చే దిక్కే చూస్తోంది. హమ్మయ్య, వినలేదు.

మర్నాడు ఆయా తనే చెవి దగ్గర ఫోను పెట్టుకుని కనబడింది.

“ఎస్తేరూ, నేనే, మీ అవ్వను. తింటలేవట, ఏంది? గా మూల దుకాణంల చింతపండు దొరుకుతది, పచ్చిపులుసు చేసుకో. కడుపు మాడ్చుకుంటే చదువెట్ల ఎక్కుతది?”

ఈమె కూతురూ ఈ ఊళ్లోనే చదువుతోందన్నమాట, అనుకుంది తార. సాయంత్రం మూల దుకాణానికి వెళ్లింది. చింతపండు దొరికింది. వచ్చాక మొదటిసారి కడుపునిండా అన్నం తింది.

అప్పట్నించి రోజూ అదే తంతు. ఆయా ఎస్తేర్‌కు చెప్తుంది, తార వింటుంది.

“ఎస్తేరూ, రేపు గీ రోడ్డు బందట. బస్సు రాదు, రైలుకు పో.”

“ఎస్తేరూ, జలుబు చేసిందా? మిరియాలు ఏసుకొని పాలు తాగు.”

“ఎస్తేరూ, మన మహమ్మద్‌నగర్‌ల వానలు పడ్డయట.”

అన్నీ పనికొచ్చే మాటలే. ఎవరికీ దొరక్కుండా అన్నీ ఏరుకుంటున్నానని తార తన తెలివికి తనే మురిసిపోయింది. ఎస్తేర్ మీద కొంచెం అసూయ కూడా పుట్టింది. ఇలాంటి తల్లి దగ్గరుంటే ఎవరైనా నెగ్గుతారు.

పరీక్ష రోజు తార స్టాప్ వెనక్కి వెళ్లి, “పెద్దసార్ల ముందట ఎట్ల మాట్లాడుదునే అమ్మా,” అని ఫోన్లో వాపోయింది. నేర్చుకున్న ఇంగ్లిష్ ఒక్క ముక్కా గుర్తు రావడం లేదు.

“ఎస్తేరూ, భయపడకు బిడ్డా,” అంటోంది ఆయా ఫోన్లో. “పెద్దసార్లు గూడ మనుషులే. మాట రాని కాడ ఆగు. నీళ్లు తాగు. మళ్ల చెప్పు. ఏసయ్య ఉన్నడు.”

ప్రొఫెసర్ల ముందు మాట తడబడినప్పుడు తార ఆగింది. నీళ్లు తాగింది. మళ్లీ చెప్పింది.

నెగ్గింది.

ఊరికి బయల్దేరే రోజు ఆయాతో తెలుగులో ఒక్క మాటైనా మాట్లాడాలనుకుంది. కానీ ఇన్నాళ్లు రాని తెలుగు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందని చెప్పాలి? తేలు కుట్టిన దొంగలా చెయ్యి మాత్రం ఊపి బస్సెక్కింది.

ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఎల్లారెడ్డిలో మంచి చీర కొని, ఆయా ఇంట్లో ఇచ్చొద్దామని ఆమె ఊరు మహమ్మద్‌నగర్ వెళ్లింది. సింగపూర్‌లో ఆయాగా పనిచేసే ఆమె ఇల్లు అడిగితే, “సలోమి ఇల్లా? గదే,” అని చూపించారు.

అరుగు మీద సలోమి అక్క హన్మవ్వ బీడీలు చుడుతోంది.

“సలోమవ్వ ఎట్లున్నదవ్వా? మళ్ల సింగపూర్ పోయినప్పుడు కలుస్త.”

“ఇంకేడి సింగపూర్! అది పనిచేసే ఇంటి సార్లు వేరే దేశం పోతూ దాన్ని గూడ తీస్కపోయిండ్రు. ఏడున్నదో, మా తాన నంబరు సుత లేదు.”

తార చీర పొట్లం అరుగు మీద పెట్టింది. “పోనీ, ఎస్తేర్‌నైనా కలుస్త.”

“ఎస్తేరెవ్వలు?”

“సలోమవ్వ బిడ్డ. రోజూ ఫోన్ల మాట్లాడుతుండె కదా.”

హన్మవ్వ చేతులు ఆగిపోయాయి.

“నా చెల్లెకు పిల్లలే లేరు. దానికి ఫోను గూడ లేకుండె. మాకు చేస్తే మేడం ఫోన్ నుంచే చేస్తుండె.”

హన్మవ్వ తారను ఎగాదిగా చూసి మెల్లగా అంది.

“అయితే గా పిల్లవు నువ్వేనా? ‘మన దిక్కు పిల్లొకతె, తెలుగొస్తదని చెప్పుకోనీకి సిగ్గుపడుతున్నది అక్కా. దాని సిగ్గు తియ్యబుద్ధి కాక, బాబు ఆడుకునే పాడైన ఫోన్ల ఉత్తగ మాట్లాడుతున్న’ అన్నది.”