పన్ను ఉన్నట్టా, లేనట్టా?

“పన్ను ఉన్నట్టా, లేనట్టా? ఒక్క మాట చెప్పన్నా, సచ్చి నీ కడుపున పుడతా!” అన్నాడు చిన్నపుల్లయ్య వెంట తిరిగే పెంచల్.

చిన్నపుల్లయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, కువైట్‌లోని ఫర్వానియాలో ఒక ఫ్లాట్లో తెలుగు సేవా సంఘం అధ్యక్ష ఎన్నిక జరుగుతోంది. ఆయన అభ్యర్థి. ఇప్పటికే రెండుసార్లు ఓడాడు. ఈసారీ ఓడితే తోటి డ్రైవర్ల ముందు తలెత్తుకోలేడు. అందుకే అడిగినవాళ్లకల్లా అడిగిన మాటే ఇచ్చాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సంఘంలో ప్రతి మనిషీ నెలకో దినారు కట్టాలి. జబ్బుపడ్డవాళ్లకు ఊరికి టికెట్ కొనేది ఆ డబ్బుతోనే. జనం దాన్ని పన్ను అంటారు. చిన్నపుల్లయ్య ఫర్వానియా కూలీలతో పన్ను ఎత్తేస్తానన్నాడు. అహ్మదిలో కంపెనీవాళ్లు మరి టికెట్ల సంగతేమిటంటే, రెండు దినార్లు చేస్తానన్నాడు. సాల్మియాలో వంటవాళ్లు నిలదీస్తే “పన్ను ఉంటాది, వసూలు మాత్రం చెయ్యం” అన్నాడు. ఎవడో పుణ్యాత్ముడు ఆ మూడు వీడియోలనూ కలిపి పొద్దున్నే వాట్సాప్‌లో పెట్టాడు.

“మూడూ నువ్వే అంటివి గదన్నా. ఏది నిజం?”

“మూడూ నిజమేరా. అప్పటికప్పుడు అట్లే అనిపించినాది.”

“ఇప్పుడేమనిపిస్తాంది?”

“తల తిరుగుతాంది.”

ఎదురుగా పోటీ అభ్యర్థి కుక్కుటేశ్వరరావు కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. గోదావరి మనిషి. “నాదొకటే మాటండి. దినారు దినారే. పెంచేదీ లేదు, తుంచేదీ లేదు” అన్నాడు నింపాదిగా.

ఇద్దరి ఫోన్లూ ఎన్నికల అధికారి ఖాసిం వలి ముందు బల్లమీద ఉన్నాయి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, శుక్రవారమైనా బయటికి వదలదు. అందుకే సంఘం ఒక పద్ధతి పెట్టుకుంది. రాలేనివాళ్లు నచ్చిన అభ్యర్థికి మిస్డ్ కాల్ ఇస్తే ఓటు పడినట్టే.

కుక్కుటేశ్వరరావు ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతోంది. చిన్నపుల్లయ్య ఫోను మోగడం మొదలుపెడితే ఆగడం లేదు.

“ఎవరో ఆడమనిషి పట్టు వదలకుండా చేస్తాంది. ఎత్తన్నా” అన్నాడు పెంచల్.

“ఎత్తితే పన్ను సంగతే అడుగుతారు. ఏం చెప్పల్ల? నాకే తెలియకపాయె!”

“పోనీ ఏదో ఒకటి చెప్పు.”

“ఏదో ఒకటి చెప్పే గదరా ఇంత దూరం తెచ్చుకున్యా!”

మళ్లీ మోగింది. ఈసారి వేరే నంబరు. చిన్నపుల్లయ్యకు నిజంగానే భయమేసింది. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఖాసిం వలికి విసుగొచ్చింది. “అరే భాయ్, ఎత్తితే ఎత్తు, లేకుంటే దాని నోరన్నా మూయించు.”

చిన్నపుల్లయ్య ఫోనును సైలెంట్లో పెట్టి బోర్లించాడు. సిగ్గుతో సాయంత్రం దాకా దానివైపు చూడనేలేదు.

సాయంత్రం అసర్ నమాజు కాగానే ఖాసిం వలి, “యల్లా, ఖలాస్!” అని ఓటింగు ముగించి, ముందుగా గదిలో ఉన్నవాళ్ల చేతులు ఎత్తించాడు. కుక్కుటేశ్వరరావుకు చాలా లేచాయి. చిన్నపుల్లయ్యకు అక్కడొకటీ ఇక్కడొకటీ. పెంచల్ చెయ్యి కూడా సగమే లేచింది.

తరువాత ఫోన్లు. ఖాసిం వలి కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చూశాడు. తుడుచుకుని మళ్లీ చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

“చిన్నపుల్లయ్య గెలిచినాడు.”

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

“అదెలాగండీ?” కుక్కుటేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

“నంబరుకి ఒకటే లెక్కబెట్టినా సాబ్. ఆడవాళ్లంతా ఆయనకే కొట్టినారు.”

చిన్నపుల్లయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “చూస్తివా పెంచలూ! మీకెవ్వరికీ అర్థం కాకపోయినా నా మాట ఆ తల్లులకు అర్థమైనాది!” అంటూ ఫోను అందుకున్నాడు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో ఒకరైన గంగులమ్మ దగ్గర నుంచి వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. దీవెనలేమో, అందరూ వినాలని సౌండు పెంచాడు.

“చిన్నపుల్లన్నా, పొద్దుట్నించీ మేమంతా చేస్తానే ఉండాం, ఒక్కరిదన్నా ఎత్తవేం? పన్ను ఉంటాదా, పోతాదా? అది చెప్తే గదా, ఓటు నీకెయ్యాల్నో ఆ రావు సారుకెయ్యాల్నో మేం తేల్చుకునేది!”