ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకున్నారు

తనిఖీ అధికారిణికి కుర్చీలో కుదురు లేదు. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. నీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి తాగకుండానే పెట్టేసింది.

అణువిద్యుత్ కేంద్రాల్లో లోపాలు కనిపిస్తే అక్కడి ఉద్యోగులు రహస్యంగా చెప్పుకోవడానికి ఒక నియంత్రణ సంస్థ ఉంది. ఆ సంస్థ వాళ్ళ ఫిర్యాదుల్ని ఏం చేస్తోందో చూడడానికి ఈమె పనిచేసే ఆఫీసు ఉంది. కాపలావాడికి కాపలా అన్నమాట. ఇలాంటి తనిఖీలు ఆమెకు కొట్టినపిండి. ఇవాళ మాత్రం అలా లేదు.

కారణం తమ్ముడు.

వాడు అలాంటి ఒక కేంద్రంలో పైపుల అతుకులు పరీక్షించేవాడు. ఐదేళ్ళ కిందట, ఒకే అతుక్కి ఎక్స్‌రే తీసి, దాన్నే మిగతా అతుకులన్నిటికీ చూపించేస్తున్నారని ఈ సంస్థకు ఫోను చేశాడు. కొన్నాళ్ళకు ఫైలు మూసేశారు. ‘ఫిర్యాదుదారుని స్వయంగా కలిశాం. ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకున్నారు’ అని రాశారు. ఆ వెనకే వాడి ఉద్యోగం ఊడింది.

నన్నెవరూ కలవలేదు మొర్రో అని వాడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఎంతకు అమ్ముడుపోయాడో అని తోటివాళ్ళు చెవులు కొరుక్కున్నారు. అంత పెద్ద ఆఫీసు అబద్ధం రాస్తుందా అని తండ్రి వాడితో మాటలే మానేశాడు. ఇప్పుడు వాడు ఇళ్ళ గేట్లకు వెల్డింగ్ చేసుకుంటూ తలొంచుకుని తిరుగుతున్నాడు. తమ్ముణ్ణి నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది. నమ్మడానికి ఆధారం లేదు. ఇన్నేళ్ళూ ఆ మధ్యలో పడి నలిగిపోయింది. అదేదో ఇవాళ తేలిపోవాలి.

తలుపు తోసుకుని ఫిర్యాదుల విభాగం అధిపతి వచ్చాడు. నెరిసిన జుట్టు, నిండైన మనిషి, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు నవ్వు.

“ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి మేడమ్.”

అక్కాతమ్ముళ్ళది ఒకే పోలిక, తమ్ముణ్ణి చూసినవాళ్ళెవరైనా ఆమెను ఇట్టే పట్టేస్తారు. “నమస్కారమండీ” అని, ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ ఆగింది. ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. రోజూ ఎంతమందిని చూస్తాడో, గుర్తులేదేమోనని తనకు తనే సర్దిచెప్పుకుంది.

“ఏ ఫైలైనా అడగండి మేడమ్. మా దగ్గర దాపరికాలు లేవు.”

“పోయిన నెల మూసేశారే, క్రేన్ ఆపరేటరమ్మది. దాని సంగతి చెప్పండి.”

“ఓ, ఆవిడా!” ఆయన ఫైలు తెరవకుండానే అందుకున్నాడు. “రియాక్టర్ మూత ఎత్తే క్రేనుకి బ్రేకు జారుతోందని ఫోను చేసింది. పాపం, భయంభయంగా మాట్లాడింది. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది.”

“బ్రేకు చూశారా?”

“చూడకుండా ఉంటామా? భేషుగ్గా ఉంది.”

“ఆవిణ్ణి కలిశారా?”

“కలవకుండా ఫైలు మూయకూడదు కదా, అది రూలు. నేనే వెళ్ళాను, వాళ్ళింటికి.”

ఆమె తొందరపడకూడదు అనుకుంది. ఇంకా అడగాలి.

“ఇంట్లో ఎవరెవరున్నారు?”

“ఇద్దరాడపిల్లలు. చిన్నది ఒట్టి గడుగ్గాయి, నా కళ్ళజోడు లాగేసుకుంది.” ఆయన ముద్దుగా నవ్వాడు. “ఆవిడ కాఫీ ఇచ్చి, ఎవరో ఏదో అంటే విని ఫోను చేశానండీ, తప్పయిపోయింది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనే ఓదార్చాను.”

“మనిషి ఎలా ఉంటుంది?”

“మీలాగా కాదు లెండి మేడమ్. బక్కపలచగా, కాస్త గట్టిగా మాట్లాడితే హడలిపోయేలా ఉంటుంది.”

“అందర్నీ ఇలాగే కలుస్తారా?”

“ఒక్కర్నీ వదలం. ఈ సీట్లో పదేళ్ళుగా ఉన్నాను, ఇదే పద్ధతి.”

“ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టి ఇస్తారా?”

“దానికేం భాగ్యం!” అని ఆయన హుషారుగా రాసి, కింద బారెడు సంతకం పెట్టాడు.

ఆమె ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని మెట్ల దాకా పరుగులాంటి నడకతో వచ్చి, తమ్ముడికి ఫోను చేసింది. అటువైపు గ్రైండర్ రొద.

“ఏంటక్కా? పనిలో ఉన్నా.”

“ఒరేయ్, నీ దగ్గరికి ఎవరూ రాలేదురా.”

రొద ఆగింది.

“ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటున్నది అదే కదా. ఇవాళేంటి కొత్తగా?”

“సాయంత్రం ఇంటికి రా. నాన్న ఎదురుగా కూర్చోబెట్టి నేను చెబుతాను.”

“నాన్న నమ్మడక్కా. స్వయంగా వెళ్ళి కలిశామని వాళ్ళు మళ్ళీ అనుంటారు.”

“అన్నాడురా. నీలాగే ఫిర్యాదు చేసిన క్రేన్ ఆపరేటరమ్మ ఒకావిడ ఉందిలే. ఆవిడింటికి వెళ్ళాడట, కాఫీ తాగాడట, ఏడిస్తే ఓదార్చాడట.”

“చూశావా మరి! ఆయన వెళ్ళలేదని మనమెలా చెప్పగలం? పోనీ, ఆవిణ్ణే వెళ్ళి అడగరాదూ?”

ఆమె మెట్ల మీద కూర్చుంది. నవ్వు, ఏడుపు ఒకేసారి ముంచుకొచ్చాయి.

“అసలు అలాంటి మనిషే ఎక్కడా లేదురా, వీళ్ళేం చేస్తారో చూద్దామని మా ఆఫీసు వాళ్ళు చేయించిన ఆ ఫోనులో క్రేన్ ఆపరేటర్నని చెప్పి మాట్లాడింది నేనే.”