ఖాళీ బడికి వచ్చిన పిల్ల

1990లో ఆస్ట్రేలియాలోని టూవూంబా సమీపాన ఒంటిగది బడి శతవార్షికోత్సవ వేదికపై మొదట బడి కమిటీ మాజీ అధ్యక్షుడు కోలిన్, పిదప అతని కూతురు మార్గరెట్, ఆపైన విశ్రాంత ఉపాధ్యాయుడు దయానందం, చివర ఆయన భార్య అమృతం ఆసీనులయ్యారు.

"ఆనాడు ఈ కోలిన్ నల్ల మేష్టారొద్దని ఊరి పిల్లలందర్నీ మాన్పించాడు. ఇవాళ మైకులో వాడి పరువు తీస్తాను," అన్నారు దయానందం భార్యతో తెలుగులో.

"కూతుర్ని పంపాడు కదండీ?"

"నా మీద నిఘాకి!"

ఆయన మార్గరెట్ వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు. "ఆనాడు నిన్నొక్కదాన్నే మీ నాన్న ఎందుకు పంపాడమ్మా?"

"పంపలేదు సార్. గదిలో పెట్టి గొళ్లెం వేసేవారు. కిటికీ దూకి వచ్చేదాన్ని. ఇంటికెళ్లాక బెల్టుతో కొట్టేవారు."

దయానందం మైకు అందుకుని, కోలిన్ వైపే చూస్తూ పలికారు.

"తండ్రి దెబ్బలకు వెరవక, ఒంటరిగా వచ్చి ఈ బడిని మూతపడనీయని మార్గరెట్‌కు, ఆ తండ్రి సమక్షంలోనే, ఆమె గురువుగా నా కృతజ్ఞతలు."